కిటికీ గట్టు కప్పేముందు

పాత ఇంటిని బాగు చేయించాలనుకున్నప్పుడు గచ్చు మీద ఏం పరచాలి, వంటగది ఎటు తిప్పాలి, ఏ గదికి ఏ రంగు అన్నవాటి మీద ఇంటిల్లిపాదీ నెలల తరబడి తర్జనభర్జన పడతారు. కిటికీ గట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం నిర్ణయం నిమిషంలో అయిపోతుంది. 'గ్రానైటు ముక్కలు మిగిలాయి సార్, గట్ల మీద వేసేద్దాం' అంటాడు బేల్దారి మేస్త్రీ. సరేనంటాడు ఇంటాయన. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె వైపు ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లకు ఇప్పుడు మరమ్మతులు సాగుతున్న తీరు ఇంచుమించు ఇదే. గ్రానైటు కాకపోతే టైలు, అదీ కాకపోతే చెక్కరంగు ప్లాస్టిక్ పలక. పాతది కనబడకుండా పోతే చాలు, బాగుపడినట్టే. నా ఉద్దేశంలో ఈ కప్పుడు చాలా ఇళ్లలో అనవసరం, కొన్నింటిలో హాని, కొద్దిచోట్ల మాత్రమే సరైన పని. ఏ ఇల్లు ఏ కోవకు వస్తుందో తేల్చుకోవడానికి ఇంజనీరే రావాలని లేదు. వానాకాలం పోయాక గట్టును, గట్టు కంటే ముందు కిటికీ బయటివైపును ఓపిగ్గా చూడగలిగితే చాలు.

మన దగ్గర పాత గట్లన్నీ ఒక్క తీరువి కావు. తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లోనో, చిత్తూరు పాత వీధుల్లోనో అక్కడక్కడా మిగిలిన మిద్దె ఇళ్లలో గోడ మందమే అడుగున్నర, రెండడుగులు. కిటికీ చట్రాన్ని బయటి అంచుకు జరిపి నిలబెడితే లోపల మిగిలే గట్టు మీద మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. పిల్లల పుస్తకాలు, అవ్వ వక్కాకు పెట్టె, ఎండకు పెట్టిన ఊరగాయ జాడీ అన్నీ దాని మీదే. పైన సున్నపు గచ్చో, కడప బండో ఉంటుంది. సిమెంటు వచ్చాక గోడ తొమ్మిది అంగుళాలకు తగ్గింది, గట్టు నాలుగైదు అంగుళాలకు కుంచించుకుపోయింది. దాని మీద ఎర్ర ఆక్సైడ్ కలిపిన నున్నటి పూత, అంచుకు నల్లగీత. ఆ తర్వాతి ఇళ్లలో అదీ పోయి ఉత్త సిమెంటు పూత మీద పెయింటు మిగిలింది. సున్నం ఒకలా తడిసి ఒకలా ఆరుతుంది, సిమెంటు మరోలా. బండకు పట్టే మచ్చ వేరు, కర్రకు పట్టే చెద వేరు. అన్నింటికీ ఒకే గ్రానైటు ముక్క జవాబెలా అవుతుంది?

గట్టు దానంతటది పాడవదు. ఎండకు రంగు వెలుస్తుంది, కుండీ అడుగున గుండ్రటి మచ్చ పడుతుంది, అంతవరకే. పెచ్చులూడుతున్నా, తెల్లగా ఉప్పు పూస్తున్నా, చట్రం కింది కర్ర వేలితో నొక్కితే మెత్తగా దిగుతున్నా ఎక్కడినుంచో నీళ్లు వస్తున్నాయన్నమాట. రాయలసీమంటే వాన మొహం చూడని సీమ అనే మాట ఈ దక్షిణపు కొసకు అంతగా అతకదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలూ బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలూ ఇటు వస్తూనే ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి, 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను తెచ్చిన ముసురు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఆ వాన నిట్టనిలువుగా కురవదు, గాలి తోసుకొచ్చి గోడకేసి కొడుతుంది. సన్‌షేడ్ కింద దాగిన కిటికీ కూడా తడుస్తుంది. కాబట్టి ఇంట్లో ఏ గట్లు చెడ్డాయో లెక్క చూసుకుంటే సగం గుట్టు బయటపడుతుంది. తూర్పు, ఉత్తరం వైపు గట్లు ఊడి పడమటివి చెక్కుచెదరకుండా ఉంటే అది జడివాన పని. కింది అంతస్తులో నాలుగు దిక్కులా గట్టు మట్టం దాకా గోడ ఉప్పు పూస్తే నేల చెమ్మ పైకి పాకుతోందని అర్థం. ఒక్క గదిలో ఒక్క గట్టే చెడితే పైనున్న బాత్‌రూము గొట్టాన్నో, పక్కనే దిగిన ఏసీ నీటి గొట్టాన్నో అనుమానించాలి. ఈ మూడింటిలో ఏదైనా సరే, లోపల పరిచే బండతో ఆగదు.

అసలు తప్పు ఎక్కువగా కిటికీ బయటివైపు ఉంటుంది. అటువైపు గట్టుకు వాటం బయటికుండాలి, పడ్డ చుక్క జారిపోవాలి. గట్టు అంచు గోడ కంటే అంగుళమో రెండంగుళాలో ముందుకు పొడుచుకొచ్చి, ఆ అంచు అడుగున పొడవునా సన్నటి గాడి ఉండాలి. అంచు కిందినుంచి వెనక్కి పాకే నీటిని తెంపి కింద పడేసేది ఆ గాడే. కట్టినప్పుడు ఇవన్నీ పెట్టిన ఇళ్లలో కూడా ఇరవై ఏళ్లపాటు పూత మీద పూత, సున్నం మీద పెయింటు పడి గాడి పూడిపోతుంది. పగుళ్లకు పెట్టిన సిమెంటు ముద్దలతో వాటం తిరగబడి నీళ్లు చట్రం వైపే నిలుస్తాయి. అక్కడినుంచి కర్రకూ గోడకూ మధ్య వెంట్రుకంత సందు దొరికితే చాలు. ఇప్పుడు లోపలి గట్టు మీద సిమెంటు మాలు పరిచి గ్రానైటు అతికామనుకోండి. తడి బట్ట మీద ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే, ఇంతకాలం గట్టు మీదుగా ఆరిపోయిన చెమ్మకు ఆ దారి మూసుకుపోతుంది. అది కిందికి దిగి గట్టు కింద అడుగు మేర పెయింటును బుడగలు కట్టిస్తుంది, పక్కకు జరిగి చట్రాన్ని నానబెడుతుంది. మరుసటేడు మేస్త్రీ గోడకు పుట్టీ పెట్టించమంటాడు, ఆ పైయేడు చట్రమే మార్చమంటాడు. గట్టు మీది గ్రానైటు మాత్రం అప్పటికీ తళతళలాడుతూనే ఉంటుంది, అందుకే తప్పు దానిదని ఎవరికీ తోచదు.

చెమ్మ ఉందో లేదో తేల్చడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. అడుగు చదరం పాలిథిన్ కాగితం గట్టు మీద పరిచి నాలుగంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఓ రోజంతా వదిలేయాలి. మర్నాడు కాగితం అడుగువైపు నీటి చెమట పడితే తడి గోడలోనే ఉంది. పైవైపు పడితే అది గదిలోని గాలిది, కిటికీ తెరిస్తే పోతుంది. తర్వాత తాపీ పిడితో గట్టు పొడవునా తట్టాలి. గట్టి మోత వినబడితే పూత గోడను పట్టుకునే ఉంది. డొల్ల మోత వస్తే అక్కడ విడిపోయింది. డొల్ల భాగాన్ని సుద్దతో గీసుకుంటే ఎంతవరకు ఊడదీయాలో తేలుతుంది. చాలా ఇళ్లలో గట్టంతా చెడిందనుకున్నది తీరా చూస్తే జానెడు మేరే అవుతుంది.

ఇక రాయి. ఈ సీమవాళ్లు గట్టు మీద వేసే రాయి కోసం రాజస్థాన్ దాకా వెతుక్కోవడం నాకు వింతగా తోస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ స్మారకంగా గుర్తించిన చోటు ఒకటుంది. అడుగున అతి పాత గ్రానైటు, దాని మీద కడప శిలల వరసకు చెందిన క్వార్ట్‌జైటు, రెంటి నడుమ కోట్ల సంవత్సరాల ఎడం. కుప్పం క్వారీలనుంచి గ్రానైటు దేశదేశాలకు పోతోంది. కొండలకు అవతల కడప, కర్నూలు వైపు పరుచుకున్న సున్నపురాయి పొరలు మన గట్ల మీద నల్ల బండలై కూర్చున్నాయి. గ్రానైటుకు ఆమ్లం లెక్కలేదు. కడప బండకు ఉంది. అది సున్నపురాయి కనుక నిమ్మరసం చుక్క పడి కాసేపుంటే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. పెయింటు పని అయ్యాక చుక్కలు పోవడానికని కూలీలు బాత్‌రూము యాసిడ్ పోసి రుద్దినప్పుడు నల్ల బండ బూడిదరంగుకు తిరగడానికి కారణమిదే. ఆ బూడిదరంగు చూసి 'బండ చచ్చిపోయింది, మార్చేద్దాం' అంటారు. చావలేదు, పైన కాగితం మందాన గీసుకుపోయిందంతే. చేతి పాలిష్ యంత్రంతో గరుకు రాయి నుంచి నునుపు రాయి దాకా వరసగా తిప్పితే లోపలి నలుపు మళ్లీ తేలుతుంది. ముప్పై ఏళ్ల బండకు అంగుళం మందం ఉంటే ఇలాంటి పాలిష్‌లు ఇంకెన్నో తట్టుకుంటుంది. దాని మీద అంగుళంలో మూడోవంతు మందం లేని టైలు అతికించడమంటే గట్టిదాన్ని పలచనిదానితో కప్పడమే.

కర్ర విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కర్ర వాడలేదు. చెదకు అక్కడ తిండి లేదు. మన ఇళ్లకు ఆ భాగ్యం లేదు. టేకో, వేపో, వేగిసో చట్రంగా నిలబడి ఉంటుంది, దాని కింది కమ్మి సరిగ్గా గట్టు మీదే ఆనుతుంది. కర్రను కుళ్లబెట్టే బూజు బతకాలంటే కర్రలో తేమ ఇరవై శాతం దాటాలి. గాలి ఆడే చట్రం తడిసినా ఆరిపోతుంది, ఏళ్లు గడిచినా నిలుస్తుంది. గట్టు మట్టం పెంచినప్పుడు జరిగేదేమిటో కొలిచి చూడండి. పద్దెనిమిది మిల్లీమీటర్ల బండ, అడుగున అంగుళం మాలు, వెరసి అంగుళన్నర పైమాటే. ఆ మేరకు చట్రం కింది కమ్మి సిమెంటులో పూడుకుపోతుంది. అది తడిస్తే ఆరే దారి లేదు. లోపలికి తెరుచుకునే రెక్కలో, దోమల జాలీ తలుపో ఉంటే అవి బండకు తగిలి ఆగిపోతాయి. అప్పుడు వడ్రంగి వచ్చి రెక్కల అడుగు కోస్తాడు, కోసిన పచ్చి అంచు మళ్లీ తడి పీలుస్తుంది. పాత చట్రం తీసి యూపీవీసీ కిటికీ పెట్టించుకున్నవాళ్లకూ ఇదే గండం. ఆ చట్రం అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. బయటి గట్టు మీద బండ వేసేటప్పుడు అవి మూసుకుపోతే వాన నీరు పట్టాలో నిండి హాల్లోకి పొర్లుతుంది.

'ఇంత చూసుకుంటూ కూర్చుంటే పని ఎప్పటికయ్యేను, ఖర్చెంతయ్యేను' అన్నది మొదటి అభ్యంతరం. ఖర్చు సంగతే ముందు తేలుద్దాం. నాలుగడుగుల కిటికీకి అయిదంగుళాల గట్టంటే ఒకటిన్నర చదరపు అడుగు పైచిలుకు. పది కిటికీలున్న ఇంట్లో గట్లన్నీ కలిపినా పదహారు పదిహేడు చదరపు అడుగులు దాటవు. ఇందులో రాయి ధర నామమాత్రం. డబ్బంతా కోతకు, అంచు గుండ్రం చేసి పాలిష్ పట్టడానికి, మేస్త్రీ కూలికి పోతుంది. పాత గట్టు బాగుచేతలోనూ డబ్బు కూలికే పోతుంది. కాబట్టి కప్పడం చవక అన్నది లెక్కకు నిలవదు. సమయం విషయంలో మాత్రం అభ్యంతరం న్యాయమే. కప్పడం ఒక పూటలో అవుతుంది. బాగుచేతకు గోడ ఆరే దాకా ఆగాలి, ఆ ఆగడం వారాలు పట్టవచ్చు. గృహప్రవేశ ముహూర్తం పెట్టుకుని పనులు మొదలెట్టినవాళ్లకు ఆ ఓపిక ఉండదు. కానీ ముహూర్తం దాటాక ఆ ఇంట్లో ఉండేదీ వాళ్లే కదా.

రెండో అభ్యంతరం అందం గురించి. ఎర్ర ఆక్సైడ్ గట్టులో పగులు పూడ్చితే మచ్చ కనబడుతుంది, ఎంత కలిపినా పాత ఎరుపుతో కొత్త ఎరుపు కలవదు. ఇది నిజం, పనివాళ్లు ఎంత నేర్పరులైనా నిజమే. మచ్చకు మచ్చ వేయకుండా ఆ ఒక్క గట్టు పొడవునా పై పూత తీసి కొత్తది ఒకే చేతి మీద వేయించడమే మార్గం. ఎరుపు పక్క గట్టుతో పోలకపోయినా తనలో తాను ఒకటిగా ఉంటుంది. మరీ కొత్తగా కనబడాలనే తపనే మనకు చేటు చేస్తోందనిపిస్తుంది. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. ఇంగ్లండులో పాత చర్చిల సున్నపు పూతలు గీకి 'కొత్తగా' చేయడం చూసి విసిగిన విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. దాని ముద్దుపేరు 'గీకుడు వ్యతిరేకులు'. చెడిన మేరకు బాగు చేయండి, మిగతాది ముట్టకండి అన్నది వాళ్ల పట్టుదల. చర్చికి పనికొచ్చిన సూత్రం మిద్దెకు పనికిరాకపోదు. పైగా మిద్దె గోడలో మట్టీ సున్నమూ ఉన్నచోట సున్నంతోనే పూడ్చాలి. గట్టి సిమెంటు పూత వేస్తే అది నిలిచి, వెనకున్న మెత్తటి గోడ రాలిపోతుంది.

మూడో అభ్యంతరం నా వాదనకు నిజంగా అడ్డం వచ్చేది. పాత గట్టు మీద, చట్రం మీద పొరలు పొరలుగా ఉన్న ఎనామిల్ పెయింటును ఏం చేయాలి? ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది, అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అమెరికా ఇళ్లలో సీసపు పెయింటును 1978లోనే నిషేధించింది. అంటే మన పాత ఇళ్లలోని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దినా, యంత్రం పెట్టి గీకినా లేచే ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. గట్టు పిల్లల ఎత్తులోనే ఉంటుంది, వాళ్లు దాన్ని తడిమి చేతులు నోట్లో పెట్టుకుంటారు. పసిబిడ్డల మెదడుకు సీసం చేసే చేటు తిరిగి సరిదిద్దలేనిది. అందువల్ల పెయింటు గట్టిగా పట్టుకుని ఉండి, గోడ పొడిగా ఉంటే గీకడం కంటే కప్పడమే మేలు. బాగుచేతే గొప్పదని పట్టుబట్టి సీసపు ధూళి రేపడం తెలివితక్కువతనం. పెచ్చులూడుతుంటే మాత్రం కప్పినా ఊడుతూనే ఉంటుంది, తీయక తప్పదు. నీళ్లు చిలకరిస్తూ తడిగా గీకాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి, పిల్లల్నీ గర్భిణులనూ ఆ రెండు రోజులు ఇంకో ఇంటికి పంపాలి, రాలినదాన్ని పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

కప్పడమే సరైన చోటు ఇంకొకటుంది, అది కొండమీద. తిరుమల వసతి గదుల్లో గట్టుకు నీళ్లు లోపలినుంచే వస్తాయి. పుష్కరిణిలో మునిగి వచ్చిన యాత్రికుల పంచెలూ చీరలూ కిటికీ కమ్ములకే ఆరతాయి, వాటి నీరు గట్టు మీదే కారుతుంది. కోతుల భయానికి కిటికీ తెరవరు, చలికాలపు మంచుకు గాలీ తడిగానే ఉంటుంది. రోజుకో కుటుంబం మారే గదిలో సున్నపు గచ్చునో ఎర్ర ఆక్సైడ్‌నో కాపాడుకోమనడం అత్యాశ. అక్కడ అతుకు లేని ఒకే గ్రానైటు ముక్కను గది వైపుకు కాస్త వాటంగా పరిచి, అంచు గోడకు ముందుకు లాగి, అడుగున గాడి తీయడమే తగిన పని. కిందివాళ్లకూ కొండమీదివాళ్లకూ ఉన్న తేడా ఇంకొకటి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా తిరుమలలో ఇంటికి కావలసిన సరుకు కొండమీదే దొరకాలి, లేదా మనుషుల తలల మీదో పశువుల వీపుల మీదో ఎక్కాలి. ఊడదీసిన బండను ఊరికే పారేసే కాలం కాదది. ఇప్పుడు పగలగొట్టిన గోడ చెత్త ప్రతి బస్తా మళ్లీ ఘాట్ రోడ్డు దిగాలి. పగలగొట్టేముందు తట్టి చూడమనడానికి కొండమీద అదొక అదనపు కారణం.

మట్టి గారతో కట్టిన గోడలో గట్టు అడుగు ఇటుకలే వదులై పొడి రాలుతుంటే, చెద చట్రాన్ని దాటి గోడలోకి గూడు కట్టుకుంటే కూడా పై పూత బాగుచేత చాలదు. వదులు భాగం తీసి మళ్లీ కట్టి, చెదమందు పట్టించి, ఆపైన బండ వేయాల్సిందే. అద్దెకిచ్చే ఇంటివాళ్లు అడిగేది వేరు: 'అద్దెకొచ్చేవాడు గట్టు మీద మేకు కొడతాడు, అగరొత్తి కాలుస్తాడు, మాకెందుకు ఈ శ్రమ?' అని. వేసుకోండి గ్రానైటు, తప్పులేదు, గోడ ఆరాక. మాలు మందం తగ్గించడానికి టైళ్లు అతికే గమ్‌తో పలచగా అతికించండి, చట్రం కమ్మిని పూడ్చకుండా బండను దానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆపి ఆ సందును సిలికాన్‌తో నింపండి. కోత దుకాణాల్లో మిగులు ముక్కలు మూలన పడి ఉంటాయి, గట్టంత వెడల్పుకు అవి చాలు, నిండు పలక కొననక్కర్లేదు.

పనికి కాలం కూడా చూసుకోవాలి. ఇక్కడ గోడలు సంక్రాంతి నాటికి బాగా తడిసి ఉంటాయి. జనవరి ఆఖర్లో బయటివైపు గట్టు వాటం, గాడి, చట్రం చుట్టూ సందులు సరిచేయించి, ఫిబ్రవరి, మార్చి ఎండలకు గోడను ఆరనిచ్చి, ఉగాది దాటాక పాలిథిన్ పరీక్షలో పొడిగా తేలిన గట్లకే లోపలి పని పెట్టుకోవాలి. డబ్బో ఓపికో తక్కువైతే ఈ ఏడాదికి బయటి పని మాత్రం చేయించి లోపలి గట్టును ఉన్నదున్నట్టు అక్టోబరు వానల దాకా వదిలేయడమే మేలు. ఆ వానలకు తడవని గట్టు మీద జనవరిలో ఏం వేసినా నిలుస్తుంది. తడిసినదానికి మేస్త్రీని మళ్లీ నిచ్చెన వేసుకుని బయటివైపే ఎక్కమనాలి.